వినువారు లేని సభ

2025వ సంవత్సరము సెప్టెంబరు నెలలో, ఉత్తర అమెరికాలోని జార్జియా రాష్ట్రమున, అట్లాంటా నగరమునందు ఒక పాటల పుస్తకపు క్రొత్త కూర్పు వెలువడినది. పుస్తకము వెలువడుట వింత కాదు. దానిని చేతబూని పాడుటకై వందలకొలది జనులు దూరప్రాంతములనుండి వచ్చి కూడుటయు, అట్లు కూడినవారిలో వినుటకై వచ్చినవారు లేకుండుటయు వింత. అచట వేదిక లేదు, వాద్యము లేదు, పేరుగాంచిన గాయకుని ఎదుట చేతులు కట్టుకొని కూర్చున్న జనము లేదు. వచ్చినవారందఱును పాడువారే.

ఆ పుస్తకము పేరు సేక్రెడ్ హార్ప్, అనగా పవిత్రవీణ. ఆ వీణ మఱేదియు గాదు, మనుష్యుని కంఠమే యని దానిని పాడువారు చెప్పుకొందురు. బి. ఎఫ్. వైట్, ఇ. జె. కింగ్ అను ఇరువురు జార్జియావాసులు దీనిని 1844లో ప్రకటించిరి. నాటినుండి నేటివఱకు పలుమాఱులు సవరింపబడుచు, కూర్పులు పొందుచు, ఇది వాడుకలో నిలిచియున్నది. 1991లో వచ్చిన కూర్పు తరువాత ముప్పదినాలుగేండ్లకు ఈ క్రొత్త కూర్పు వచ్చినది. ఇందు కొన్ని పాత పాటలు తొలగింపబడి, నూటికి పైగా క్రొత్తవి చేర్పబడినవి. ఇప్పుడు జీవించియున్నవారు కట్టిన పాటలును వానిలో నున్నవి.

దూరదేశపు క్రైస్తవుల పాటల పుస్తకముతో మనకేమి పని యని చదువరులు అడుగవచ్చును. పని గలదు. దేవాలయమున గాని, గృహమున గాని, సభలో గాని, పాట అందఱి సొత్తా, లేక నేర్పరులైన కొందఱి సొత్తా యను ప్రశ్న ఏ యొక్క మతమునకో దేశమునకో చెందినది కాదు. పలువురు పాడుచున్న చోట కొందఱిని నిలిపి, తక్కినవారిని వినువారినిగా చేయుట అభివృద్ధి యని లోకము చాలకాలముగా నమ్ముచున్నది. అది అభివృద్ధి కాదు, అపహరణమని మేము వాదించుచున్నాము. మా వాదమునకు ఈ పవిత్రవీణవారి చరిత్రమే సాక్ష్యము.

మొదట వారు పాడు విధమును తెలియజేయుదుము. చదువు కొద్దిగా నున్న రైతు, కూలివాడు, ఇల్లాలు, బాలుడు సంగీతలిపిని చూచి వెంటనే పాడగలుగుట ఎట్లు? ఈ చిక్కును తీర్చుటకై 1801లో విలియం లిటిల్, విలియం స్మిత్ అనువారు ఫిలడెల్ఫియాలో ప్రకటించిన ఈజీ ఇన్‌స్ట్రక్టర్ అను పుస్తకమున ఒక చక్కని ఉపాయము కనబడుచున్నది. మన సరిగమలవలె వారికిని స్వరములకు పేర్లు గలవు. ఆ పద్ధతిలో పేర్లు నాలుగే: ఫా, సోల్, లా, మీ. ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క ఆకారము నిచ్చిరి. ఫా త్రిభుజము, సోల్ వృత్తము, లా చతురస్రము, మీ కోణముపై నిలిపిన చతురస్రము. ఫా, సోల్, లా అను మూడు పేర్లు రెండుమాఱులు వచ్చి, చివర మీ చేరి, ఏడు స్వరముల మెట్లు పూర్తియగును. గీతలపై స్వరమున్న చోటును లెక్కించి గుర్తించుట కష్టమైనవానికి ఆకారమే చేయూత. కన్ను ఆకారమును చూచినంతనే నోట స్వరము పలుకును. అందుచేతనే నేటికిని వారు ఏ పాటనైనను మొదట స్వరముల పేర్లతో పాడి, పిమ్మట మాటలతో పాడుదురు.

కూర్చుండుటలోను ఒక నీతి గలదు. నాలుగు స్వరశ్రేణులవారు నాలుగు దిక్కుల వరుసలుగా, ఒకరికొకరు ఎదురుగా, లోపలివైపునకు ముఖముంచి కూర్చుందురు. నడుమ ఖాళీ చోటు. పాట నడుపువాడు అచట నిలిచి చేతితో తాళము చూపును. ఈ యధికారము ఒక్కని చేత నుండదు. పిలుపు వచ్చిన కొలది ఒక్కొక్కరు లేచి, తమకిష్టమైన పాట యొక్క పుటసంఖ్యను చెప్పి, దానిని నడిపి, తమ చోటికి మరలుదురు. ముదుసలి తరువాత పదేండ్ల బాలిక, ఆమె తరువాత నిన్ననే నేర్చుకొన్న క్రొత్తవాడు. ముఖ్యస్వరమునైన టెనరును పురుషులును స్త్రీలును కలిసియే పాడుదురు. నాలుగు శ్రేణులును సమానబలముతో కలియు ఆ నడిమి చోటే వినుటకు మేలైనది. ఆ చోటు ఎవరికిని శాశ్వతము కాదు. ఏ భాగ్యవంతుడును సొమ్ము చెల్లించి దానిని కొనలేడు. పాట నడుపుటకు లేచినవానికే, ఆ కొద్ది నిమిషములే, అది దొరకును.

ఉదయము మొదలిడిన గానము మధ్యాహ్నము దాటువఱకు సాగును. నడుమ, ఎవరింట వండుకొని వచ్చినది వారు బల్లలపై నుంచగా అందఱును కలిసి భుజింతురు. ఆ సంవత్సరమున మరణించిన గాయకుల పేర్లు చదివి, వారిని తలచుకొని పాడుటకు ప్రత్యేకముగా కొంత సమయము నిలుపుదురు. ఎవరు ఏ పుటలోని పాటను నడిపిరో ఒక కార్యదర్శి వ్రాసికొనును. అట్టి వ్రాతలన్నియు ఏటేట పుస్తకముగా అచ్చగును. పేరొందిన విద్వాంసుల కచేరీల వృత్తాంతములు పత్రికలకెక్కుట సామాన్యమే. పాట నడిపిన ప్రతి సామాన్యుని పేరును అచ్చులో నిలుపు సంఘము లోకమున ఎన్ని చోట్ల గలదు?

ఇట్టి మంచి వాడుక అమెరికాయంతటను నిలువక, దక్షిణ రాష్ట్రముల పల్లెలలోనే మిగులుటకు కారణమేమి? ఇచటనే మా వివాదము మొదలగుచున్నది.

పదునెనిమిదవ శతాబ్దారంభమున న్యూ ఇంగ్లండు ప్రాంతపు దేవాలయములలో ఒకడు చరణమును పలుకగా, తక్కినవారు దానిని అందుకొని పాడువారు. పుస్తకములు కొఱవడిన దినములలో అది అవసరమైన పద్ధతియే. 1720 ప్రాంతమున కొందఱు బోధకులు, జనులు లిపిని చూచి పాడుట నేర్వవలయునని ఉద్యమించిరి. దాని ఫలముగా పాటల బడులు పుట్టినవి. ఉపాధ్యాయుడు ఊరికి వచ్చి, కొన్ని వారములు నిలిచి, సాయంకాలములందు పిన్నలకు పెద్దలకు స్వరములు నేర్పి మఱియొక ఊరికి పోవును. ఈ బడుల నడుమ పెరిగినవాడే విలియం బిల్లింగ్స్. వృత్తిచే తోళ్ళు పదునుచేయువాడు. 1770లో అతడు ప్రకటించిన న్యూ ఇంగ్లండ్ సామ్ సింగర్ అను గ్రంథము, అమెరికాలో పుట్టిన ఒక్కని వరుసలతోనే నిండిన మొదటి పాటల పుస్తకము. తోళ్ళు పదునుచేయు చేయి స్వరములను కూర్చుటకు తగదని నాడు ఎవరైనను అతనిని నిలిపియుండినచో, ఆ దేశపు సంగీతమునకు ఎంత నష్టము కలిగియుండును! ఈ ఉద్యమమును మేము నిజమైన సంస్కారమందుము. ఏలయన, అది మూసియున్న నోళ్ళను తెఱచినది.

పందొమ్మిదవ శతాబ్దమున మఱియొక సంస్కారము వచ్చినది. దానికి ముఖ్యుడు లోవెల్ మేసన్. 1792లో జన్మించి 1872లో మరణించిన ఈ పెద్దమనుష్యుడు సామాన్యుడు కాడు. 1838లో బోస్టను నగరపు ప్రభుత్వ పాఠశాలలలో సంగీతమును పాఠ్యవిషయముగా చేర్పించిన ఘనత అతనిదే. దానికి మేము నమస్కరించుచున్నాము. కాని అతడును, అతనివంటి విద్వాంసులును, బిల్లింగ్స్ మొదలైనవారి వరుసలను మోటువనియు, శాస్త్రవిరుద్ధములనియు త్రోసివైచిరి. ఐరోపా పండితుల పద్ధతికి సరిపడునదే సంగీతమనిరి. ఒక శ్రేణి తరువాత మఱియొక శ్రేణి అందుకొనుచు, తఱుముకొనుచు పాడు పాత వరుసలు వారికి అల్లరిగా తోచినవి. ఆకారముల లిపి పల్లెటూరివారి లిపియై పరిహాసమునకు పాత్రమైనది. క్రమముగా నగరపు దేవాలయములలో ఆర్గను వాద్యము వచ్చినది. శిక్షణ పొందిన గాయకబృందము వచ్చినది. పెక్కు చోట్ల జీతమునకు పాడు నలుగురు వచ్చిరి. గానము మృదువైనది, శుద్ధమైనది. జనుడు మాత్రము బల్లపై కూర్చుండి వినువాడైనాడు.

చదువరులారా! ఈ రెండు సంస్కారములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. రెండును విద్య పేరనే వచ్చినవి. మొదటిది విద్యను జనులయొద్దకు తెచ్చినది. రెండవది విద్య లేదను నెపమున జనులను ప్రక్కకు నెట్టినది. సంస్కారమును కొలుచుటకు మాకు తెలిసిన కొలమానము ఒక్కటే: అది ఎన్ని నోళ్ళను తెఱచినది, ఎన్నింటిని మూసినది? శ్రుతి సరిపడెనా, తాళము కుదిరెనా యను ప్రశ్నలు తరువాతివి. పదిమంది చక్కగా పాడి, వేయిమంది మౌనముగా నుండుటకంటె, వేయిమంది నేర్చుకొనుచు పాడుట సంఘమునకు మేలు. నేర్చుకొనువాడు నేడు తప్పు పాడినను రేపు దిద్దుకొనును. నోరు మూసికొన్నవానికి రేపు లేదు.

నగరములు విడిచిన పుస్తకమును పల్లెలు పోషించినవి. జార్జియాలో 1852లో ఏర్పడిన చాటహూచీ మహాసభ వంటి సంఘములు దానిని చేతపట్టినవి. 1933లో జార్జి పులెన్ జాక్సన్ అను పండితుడు ఈ గానమును గూర్చి గ్రంథము వ్రాసి విద్యావంతుల దృష్టిని మరల్చెను. 1959లో ఆలన్ లోమాక్స్, అలబామాలోని ఫైఫ్ అను ఊర జరిగిన సభను ధ్వనిముద్రణము చేసెను. 2003లో కోల్డ్ మౌంటెన్ అను చలనచిత్రమున ఈ గానము వినబడి, లోకమున పలువురను ఆకర్షించినది. ఇంగ్లండులో 1996లోను, ఐర్లండులోని కార్కు నగరమున 2011లోను మహాసభలు మొదలైనవి. 2012లో పోలండులో ఈ గానమును నేర్పు శిబిరము జరిగినది. నాటి పండితులు మోటు అన్న పాటకు, సముద్రము దాటి శిష్యులు దొరికిరి. కారణము ఆ వరుసల సౌందర్యము మాత్రమే కాదు. పాడుటకు తమకును చోటున్నదని తెలిసినచో మనుష్యులు ఎంత దూరమైనను పోవుదురు.

ఇది కేవలము పాతకాలపు మోజు అనువారు గలరు. వారికి మా సమాధానము: ఈ పుస్తకము ఎన్నడును పేటికలో పెట్టి పూజింపబడలేదు. తొలి కూర్పులో పెక్కు పాటలకు మూడు స్వరశ్రేణులే యుండెను. ఇరువదవ శతాబ్దారంభపు కూర్పులలో నాలుగవదైన ఆల్టో విరివిగా చేర్పబడినది. 2025లోను క్రొత్త పాటలను ఆహ్వానించి, పాడి పరీక్షించి, ఏఱి చేర్చిరి. పాతదానిని ప్రేమించుట వేఱు, దానిని శవమువలె కాపాడుట వేఱు. ప్రతిదినము పాడబడు పాటకు మార్పు తప్పదు. ఆ మార్పును పాడువారే చేయుట న్యాయము.

కేకలు, గొంతు చించుకొనుట, దీనిని గానమనుటయే తగదను మఱియొక యాక్షేపము గలదు. వారి కంఠస్వరము గట్టిదే. నయము చేయని దగుట నిజమే. దూరముగా కూర్చుండి వినువాని చెవికి అది కఠినముగా తోచవచ్చును. కాని అది దూరముగా కూర్చున్నవాని కొఱకు పాడబడలేదు. ఇంటివారు కలిసి భుజించు అన్నమును అంగడిలో అమ్ము మిఠాయితో పోల్చి, రంగు చాలదని దూషించుట ఎట్టి విమర్శ?

ఇక మతవిషయము. అవి క్రైస్తవ భక్తిగీతములు; వానిలోని మాటలు మరణమును, మోక్షమును, రక్షకుని గూర్చినవి. అయినను ఆ చదరములో నేడు దృఢమైన విశ్వాసము గలవారును, వేఱు శాఖలవారును, విశ్వాసము లేనివారును కలిసి కూర్చుండుచున్నారు. నీవు నమ్ముదువా యని ప్రక్కవానిని పరీక్షింపకుండుటయు, రాజకీయ వివాదములను వాకిట విడుచుటయు వారి మర్యాద. నమ్మనివాడు పాడుట కపటము కాదా యని కొందఱు గద్దింతురు. మేము అట్లు తలపము. భక్తుని పూజను పరిహసింపక, వాని ప్రక్కన కూర్చుండి, వాని పాటకు తన స్వరమును జోడించువాడు కపటి కాడు, పొరుగువాడు. మతభేదములచే ఒకరి ముఖము నొకరు చూడనొల్లని ఈ కాలమున అట్టి పొరుగుతనము చిన్న వస్తువా?

వీరి చరిత్రమున మచ్చ లేదని మేము చెప్పము. ఈ పుస్తకము పుట్టిన నాడు జార్జియాలో బానిసత్వముండెను. అది పోయిన పిమ్మటను వర్ణభేదము దేవాలయములను రెండుగా చీల్చినది. నల్లజాతివారును ఈ గానమును తమదిగా చేసికొని, వేఱుగా సభలు జరుపుకొనిరి. అలబామాలోని ఓజార్కులో జడ్జి జాక్సన్ అను గాయకుడు 1934లో ది కలర్డ్ సేక్రెడ్ హార్ప్ అను పుస్తకమును ప్రకటించెను. అందఱికిని చోటున్న చదరమని ఎంత చెప్పుకొన్నను, దాని చుట్టును సంఘము గోడ కట్టినప్పుడు ఆ మాట సగమే నిజము. మేము ఈ మచ్చను దాచుటలేదు. మా వాదమునకు దానిని ఇంకొక సాక్ష్యముగా చూపుచున్నాము. నోళ్ళను తెఱచుట యొక్కటే చాలదు; తలుపును తెఱవవలయును.

మన నేలకు వత్తము. క్రైస్తవ గానము తెలుగువారికి పరదేశపు వస్తువుగానే మిగిలియుండవలసినది. అట్లు మిగులకుండుటకు కారణములలో ముఖ్యుడు పురుషోత్తమ చౌదరి. 1803లో జన్మించి 1890లో మరణించిన ఈ భక్తకవి తన కీర్తనలను మన రాగతాళములలో కట్టెను. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అను పుస్తకమున నేటికిని పాటలపైని రాగము పేరు, తాళము పేరు కనబడును. అమెరికా పల్లెవానికి త్రిభుజము, చతురస్రము చేసిన మేలునే, తెలుగు పల్లెవానికి చిన్ననాటనుండి చెవికెక్కిన రాగము చేసినది. అక్షరము రాని ముదుసలియు పల్లవిని అందుకొని పాడగలిగినది. నాలుగు శ్రేణుల మేళనము వారిది; ఒక్క స్వరములో అందఱు కలియుట మనది. త్రోవలు వేఱు, చేరిన చోటు ఒక్కటే.

మఱి నేడు జరుగుచున్నదేమి? పెక్కు పట్టణములలో ప్రార్థనామందిరమున గాని, భజనమందిరమున గాని, ఉత్సవపు పందిటిలో గాని, ధ్వనివర్ధకముల యెదుట నలుగురైదుగురు నిలిచి పాడుదురు. ఆ యంత్రముల మ్రోతలో ప్రక్కవాని గొంతు ప్రక్కవానికి వినబడదు. తన గొంతు తనకే వినబడదు. వినబడని దానిని ఎవడు ఎంతకాలము పాడును? మొదట పెదవులు కదలును. పిమ్మట అవియు నిలుచును. పండుగనాడు ఇంట పాడవలసిన మంగళహారతిని సైతము యంత్రము పాడుచుండగా ఇంటివారు చేతులు జోడించి నిలుతురు. ఇది హిందువుల నేరము, ఇది క్రైస్తవుల నేరమని పంచుకొనుటకు వీలులేదు. అందఱమును పాటను అప్పగించి చేతులు దులుపుకొంటిమి.

ఇంతకంటె క్రూరమైనది ఇంకొకటి గలదు. బిడ్డ ఉత్సాహముతో నోరు తెఱచినప్పుడు, నీకు గొంతు లేదు, ఊరకుండుమని పెద్దలు పలుకు మాట. నడక నేర్చు బిడ్డ తడబడినప్పుడు నీకు కాళ్ళు లేవందుమా? మాటలు ముద్దుగా తప్పినప్పుడు నీకు నాలుక లేదందుమా? పాట యొద్ద మాత్రము మొదటి తప్పునకే శాశ్వతశిక్ష విధింతుము. ఆ బిడ్డ పెద్దదై, తన బిడ్డలకు జోలపాట పాడుటకును సిగ్గుపడును. ఇట్లు ఒక్క మాట రెండు తరముల నోళ్ళను మూయుచున్నది.

శాస్త్రీయ సంగీతమును, విద్వాంసులను మేము నిందించుటలేదు. విద్వాంసుని గానమును వినుట భాగ్యమే. కాని స్వయముగా పాడువానికే ఆ గానములోని లోతు తెలియును. అందఱు పాడు దేశముననే విద్వాంసునికి మంచి శ్రోతలు దొరకుదురు. పొలములేని ఊర ధాన్యపు అంగడి ఎంతకాలము నిలుచును?

కావున మేము కోరునది పెద్ద వ్యయముతో గూడినది కాదు. వారమునకొక సాయంకాలము ఇంటివారును ఇరుగుపొరుగువారును చాపలు పఱచి, ఒకరికొకరు ఎదురుగా కూర్చుండవలయును. యంత్రము నాపవలయును. త్యాగరాజు కీర్తనయో, వేమన పద్యమో, చౌదరిగారి కీర్తనయో, ఎవరి విశ్వాసమునకు తగినది వారు ఎత్తికొనవలయును. ఒక్కరే నడుపక, వరుసగా ప్రతివారును, చిన్న బిడ్డతో సహా, ఒక్క పాటనైనను నడుపవలయును. ఏ కులమువాడైనను వాకిట నిలువక లోనికి రావలయును. తప్పు పాడినవానిని చూచి నవ్వరాదు. చప్పట్లు కొట్టరాదు, ఏలయన, అచట ఎవరును ఎవరికొఱకును ప్రదర్శించుటలేదు. దేవాలయముల పెద్దలును, భజనసమాజముల పెద్దలును, పాటలలో సగమునకైనను ధ్వనివర్ధకము నాపి, జనుల గొంతులు జనులకు వినబడనీయవలయును.

అమెరికా పల్లెలవారికి ధనము లేదు, పండితుల మెప్పు లేదు, నగరముల ఆదరణ లేదు. నాలుగు ఆకారములు, ఒక పుస్తకము, నడుమ ఒక ఖాళీ చోటు. ఇంతటితోనే నూట ఎనుబదియేండ్లు పాటను నిలుపుకొనిరి. మనకు వారికంటె తక్కువైనదేమి? మన యిండ్ల నడుమను ఆ చోటు ఖాళీగానే యున్నది. అచట నిలిచి పల్లవి నెత్తుకొనువాడు కావలయును.